ఇరవై లీటర్ల ఇనుప జరికేన్: ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తాను: డబ్బా మంచిదే, మూత కింద రబ్బరు మాత్రం పనికిరాదు. తొందరలో ఉన్నవాళ్ళు ఇంతటితో ఆపి కొనుక్కోవచ్చు. మిగతాదంతా తీరిక ఉన్నవాళ్ళ కోసం. ఒక డీజిలు డబ్బా గురించి ఇంత రాయడానికి ఏముంటుంది నాన్నా అని మా అబ్బాయి కూడా అడిగాడు.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇరవై నాలుగేళ్ళు డ్రైవర్‌గా చేసి 2013లో హవల్దారుగా రిటైరయ్యాను. ఏఎస్‌సీ అంటే తుపాకీ పట్టే పని తక్కువ, బండి తోలే పని ఎక్కువ. బియ్యం, పప్పు, గోధుమపిండి, పాలపొడి, పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇలా ఫౌజు తినేదీ తాగేదీ మండించేదీ అంతా మోసే కోర్ అది. సెలవులకి ఊరొచ్చినప్పుడు రచ్చబండ దగ్గర "బోర్డర్‌లో ఏం చేశావురా?" అని అడిగేవాళ్ళు. "కిరసనాయిలు మోశాను బాబాయ్" అనేవాణ్ణి. పాపం, వాళ్ళ మొహాలు వాడిపోయేవి. ఇంతకంటే మా ఊరి డీలరే నయం కదా అన్నట్టు చూసేవాళ్ళు.

ఇప్పుడు గిద్దలూరు దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. నాలుగెకరాలు మిరప, మూడెకరాలు కంది. వాగుగట్టు చేనుకి కరెంటు లైను లేదు, ఐదు హార్స్‌పవర్ డీజిలింజనే దిక్కు. బంకు పదకొండు కిలోమీటర్లు. అందరిలాగే నేనూ ఇన్నేళ్ళూ ప్లాస్టిక్ క్యాన్లలోనే డీజిలు తెచ్చుకున్నాను. సర్వీసంతా జరికేన్లు మోసినవాణ్ణి, సొంత చేనుకి వచ్చేసరికి రూ. 350 ప్లాస్టిక్ క్యాను చాలనుకున్నాను. నిరుడు కందులు అమ్మడానికి వేసుకెళ్ళే రోజున ట్రాలీలో బస్తాల పక్కనే ఆ క్యాను పెట్టాను. మట్టిరోడ్డు కుదుపుకి మూత వదులై, రెండు బస్తాల కింద డీజిలు చేరింది. వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి, వాసన చూసి, ఏమీ అనకుండా పక్కకి తోసేశాడు. తప్పు నాదే. నూనె పక్కన తిండి పెట్టకూడదని ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు.

ఆ కోపంలో ఆన్‌లైన్‌లో రెండు ఇనుప డబ్బాలు తెప్పించాను. ఒకటి లివర్ మూత ఉన్నది, రూ. 2,650. రెండోది మర మూతది, రూ. 1,900. కంపెనీల పేర్లు రాయను. రెండూ ఎవరో చేసి ఎవరో స్టిక్కర్ అంటించినవే, స్టిక్కర్ మారితే పేరు మారిపోతుంది.

అసలు దీన్ని మేం ఎప్పుడూ "జెర్రీ క్యాన్" అనలేదు. లంగరు (ఫౌజు వంటశాల) వంటవాడి నుంచి సుబేదార్ సాబ్ దాకా అందరికీ అది "జరికేన్". హిందీ మాటేమో అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు జర్మన్లని "జెర్రీ" అని వెక్కిరించేవాళ్ళట. జెర్రీల డబ్బా కాబట్టి జెర్రీ క్యాన్. శత్రువు చేసిన డబ్బాని ఎత్తుకొచ్చి వాడుకుని, శత్రువు పేరే పెట్టారు.

డెలివరీ అబ్బాయి వచ్చినప్పుడు అతన్ని కాసేపు నిలబెట్టేశాను. ఫౌజులో ఏ సామానైనా సంతకం పెట్టేముందే చూసుకోవాలి, పెట్టాక చిల్లున్నా సొట్టున్నా అది నీదే. మూత తీసి సెల్ఫోన్ టార్చి లోపలికి వేశాను. లివర్ డబ్బా లోపల ఎర్రటి పూత ఉంది, అతుకు దాకా సమంగా పట్టింది. మర మూత డబ్బాలో పూత లేదు, ఉత్త రేకు, ఒక మూల అప్పుడే గోరంత తుప్పు. రెండింటినీ కిరాణా కొట్టు కాటా మీద పెడితే లివర్‌ది 4 కిలోలకి వంద గ్రాములు తక్కువ, రెండోది 3 కిలోల 300 గ్రాములు. ఆ తేడా అంతా రేకు మందంలోనే. "సార్, ఇంకో నలభై డెలివరీలున్నాయి" అన్నాడు ఆ అబ్బాయి. మజ్జిగ ఇచ్చి పంపాను.

మూరెడు ఎత్తు, జానెడున్నర వెడల్పు, జానెడు కూడా లేని మందం. చూడ్డానికి ఏముంది, పలకలా ఉన్న డబ్బా. కానీ దాని మీద మూడు పిడులున్నాయి చూడండి, అసలు కథంతా అక్కడుంది. నిండు డబ్బాని ఒక్కడే మోయాలంటే నడిమి పిడి పట్టుకోవాలి. ఇద్దరు మోయాలంటే చెరో పక్క పిడి. వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బండిలోకి ఎక్కించేటప్పుడు ఒకడు ఒక పిడి వదిలేలోపు ఇంకొకడికి ఇంకో పిడి దొరుకుతుంది. చేతికి చెయ్యి తగలదు, డబ్బా ఆగదు. ఇక రెండు ఖాళీ డబ్బాలు పక్కపక్కన ఆనించి పెడితే వాటి పక్క పిడులు రెండూ కలిసి ఒకే పిడికిట్లోకి వస్తాయి. అంటే ఒక మనిషి రెండు చేతులతో నాలుగు ఖాళీలు పట్టుకుని నడిచిపోవచ్చు. ఈ ఆఖరి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

నేను కొన్న లివర్ డబ్బాకి ఇక్కడ ఒక లోపముంది. నడిమి పిడికీ పక్క పిడికీ మధ్య సందు ఇరుకు. మామూలు చెయ్యి దూరుతుంది, గ్లవ్ వేసిన చెయ్యి దూరదు. గిద్దలూరులో గ్లవ్ ఎవరేస్తారు అంటారా, నిజమే. కానీ చేసినవాడు చూసింది ఫోటోనే, డబ్బాని మోసి చూడలేదని అక్కడే తెలిసిపోతుంది.

పక్కల మీద ఇంటూ గుర్తులా నొక్కిన గాడి అందం కోసం కాదు. మా ఎండలకి లోపల డీజిలు ఉబ్బితే రేకు బయటికి సాగడానికి, రాత్రి చల్లబడితే మళ్ళీ లోపలికి రావడానికి. మే నెల మిట్టమధ్యాహ్నం షెడ్డులో కూర్చుంటే "టప్" అని చప్పుడు వినపడుతుంది. మొదటిసారి మా ఆవిడ పిల్లి దూకిందనుకుంది. ప్లాస్టిక్ క్యాను అదే ఎండకి ఉబ్బి, అడుగు గుండ్రమై, నిలబడకుండా పక్కకి ఒరిగిపోయేది.

పిడుల కింద భాగంలో డీజిలు చేరని గాలి జాగా కొంత మిగులుతుంది. దానివల్ల నిండు డబ్బా కూడా నీళ్ళలో తేలుతుందని ఫౌజులో నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. ఎప్పుడూ చూడలేదు కదా అని నిండా పోసిన డబ్బాని వాడకుండా వదిలేసిన నీళ్ళతొట్లో వేశాను. భుజాల దాకా మునిగి, పిడులు పైకి పెట్టుకుని, ఈతకొచ్చిన గేదెలా నిలబడింది. అయిదు నిమిషాలు చూశాను. తర్వాత మా ఆవిడ వచ్చి నన్ను చూసింది. ఆ మాటలు ఇక్కడ రాయను.

ఈ డబ్బా ఎందుకింత ముఖ్యమైందో తెలియాలంటే అంతకుముందు ఏముండేదో చూడాలి. మనకి బాగా తెలిసిన వస్తువే. పాతకాలంలో కిరసనాయిలు వచ్చే పల్చటి రేకు డబ్బా, నాలుగు గ్యాలన్లది, ఖాళీ అయ్యాక పైన కర్ర వేసి నీళ్ళు మోసుకునేవాళ్ళు మన అమ్మలు, అమ్మమ్మలు. ఇప్పటి 15 కేజీల నూనె డబ్బా దానికి తమ్ముడే. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం పెట్రోలు మోసింది అలాంటి డబ్బాల్లోనే, అదీ మన కిరసనాయిలు డబ్బా కంటే నాసిరకం రేకుతో. వాటిని "ఫ్లిమ్సీ" అనేవాళ్ళు, అంటే పీలడబ్బా. రాళ్ళ దారిలో లారీ కుదుపుకి అతుకులు వదిలేవి. పైవరస బరువుకి కిందివరస అణిగిపోయేది. మూడో వంతు దాకా పెట్రోలు దారిలోనే ఇసకపాలు అయ్యేదని లెక్కలు కట్టారు. 4వ ఇండియన్ డివిజన్ ఆ ఎడారిలోనే పోరాడింది, దానికి సరుకులు అందించిన బళ్ళు మా కోర్‌వే. అప్పట్లో మా పేరు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. కారే డబ్బాల బండిని, ఆ ఎండలో, పెట్రోలు ఆవిరి మధ్య తోలినవాళ్ళలో మన దక్షిణాది వాళ్ళూ ఉండే ఉంటారనిపిస్తుంది నాకు. ఆ పీలడబ్బాకి ఒక్క ఉపయోగం మాత్రం బాగా దొరికింది. సగానికి కోసి, ఇసక నింపి, పెట్రోలు పోసి అంటిస్తే టీ కాచుకునే పొయ్యి. ఎక్కడైనా సిపాయి సిపాయే.

అవతలివైపు జర్మన్ల దగ్గర ఈ జరికేన్ ఉంది. 1937 నాటికే తయారు చేసి, యుద్ధం మొదలయ్యేలోపు వేలకొద్దీ పోగేసి పెట్టుకున్నారు. ఫౌజు పాఠాల్లో సప్లై సూత్రాలని కొన్ని వల్లె వేయిస్తారు: ముందుచూపు, సరళత, పొదుపు, అవసరాన్ని బట్టి మారగలగడం, ఒకరికొకరు సాయం. క్లాసులో కునికిపాట్లు పడేవాణ్ణి. ముందుచూపంటే యుద్ధానికి రెండేళ్ళ ముందు డబ్బా గురించి ఆలోచించడం అని ఎవరైనా చెప్పుంటే మేలుకునేవాణ్ణేమో. అయినా ఆ డబ్బా జర్మన్లని గట్టెక్కించలేదనుకోండి. లిబియాలోని ట్రిపోలి రేవు నుంచి ఈజిప్టులో యుద్ధం జరిగిన ఎల్ అలమీన్ దాకా సుమారు 2,000 కిలోమీటర్లు. పెట్రోలు మోసే లారీలే దారిలో బోలెడు పెట్రోలు తాగేస్తుంటే, డబ్బా కారకపోయినా చివరికి చేరేది ఎంత? వాళ్ళ ఓడల్ని సముద్రంలో ముంచేస్తుంటే ఆ రేవుకి వచ్చేది మాత్రం ఎంత?

ఈ డబ్బా కథలో మన దేశమూ ఉంది. 1939 వేసవిలో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజినీరు బెర్లిన్ నుంచి ఇండియాకి కారులో రోడ్డు మార్గాన బయల్దేరాడు, తోడు ఒక జర్మన్ ఇంజినీరు. దారిలో తాగునీళ్ళకి డబ్బాలు లేవని గుర్తొస్తే, ఆ జర్మన్ బెర్లిన్‌లోని టెంపుల్‌హాఫ్ విమానాశ్రయంలో దాచిన మిలటరీ డబ్బాలు మూడు తెచ్చి కారు కింద బిగించాడట. ఇండియాలో సగం దూరం వచ్చాక జర్మన్‌ని వెనక్కి పిలిపించారు. వెళ్తూ వెళ్తూ డబ్బా తయారీ వివరాలన్నీ స్నేహితుడికి చెప్పి వెళ్ళాడట. ప్లైస్ కలకత్తా చేరి కారుని అక్కడ వదిలి ఇంటికెళ్ళి, అమెరికా మిలటరీ వాళ్ళకి డబ్బా గురించి చెబితే మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పట్టించుకున్నారు గానీ, తెలివి ఎక్కువై సొంత మార్పులు చేశారు. జర్మన్ డబ్బాలో రెండు రేకు దొప్పల్ని గాడిలో పెట్టి వెల్డింగ్ చేస్తే, వీళ్ళు అంచులు మడత పెట్టారు. లివర్ మూత తీసేసి మర మూత పెట్టారు. దాన్ని తీయడానికి పానా కావాలి, పోయడానికి గరాటు కావాలి.

నా రూ. 1,900 డబ్బా సరిగ్గా ఆ బాపతే. మర మూత. మొదటి నెల బాగానే తిరిగింది. ఆ తర్వాత దుమ్ము మరలో చేరి, చేత్తో తిప్పితే కదలదు. పానా ఇంటి దగ్గర ఉంటుంది, డబ్బా చేలో ఉంటుంది. పోసేటప్పుడు గాలి లోపలికి పోయే దారి లేక "గుడుక్ గుడుక్" మని తన్నుతుంది, సగం ఇంజను ట్యాంకు మీద, సగం నా చెప్పుల మీద. లివర్ డబ్బా మూతిలో సన్నటి గాలిగొట్టం ఉంది. వంచితే నూనె ఒకటే ధారగా వస్తుంది. 20 లీటర్లు ఒక నిమిషంలోపే ఖాళీ, చుక్క బయట పడలేదు. మూత ఒక చేత్తో తెరుచుకుంటుంది, డబ్బాకే అతుక్కుని ఉంటుంది, ఎక్కడా పడిపోదు. చీకట్లో, చలిలో, తొందరలో పని చేసేవాడికి విడిగా ఊడొచ్చే భాగం ఉండకూడదు. పల్లెలో డీజిలింజను దగ్గరా అంతే.

రబ్బరు సంగతి చెబుతానన్నాను కదా. లివర్ మూత కింద గ్యాస్కెట్ మూడో నెలకే డీజిలు తాగి ఉబ్బి, బంతిలా మెత్తబడింది. మూత పడుతుంది గానీ గట్టిగా పట్టదు. గిద్దలూరులో ఆయిలింజన్ల మెకానిక్ డీజిలుకి తట్టుకునే రబ్బరు ముక్క కోసి వేశాడు, నలభై రూపాయలు. ఆ తర్వాత ఐదు నెలల్లో ఒక్క బొట్టు కారలేదు. రూ. 2,650 తీసుకున్నవాడు ఈ నలభై రూపాయల దగ్గర కక్కుర్తి పడ్డాడు.

ఇక అసలు సంగతి. ఈ డబ్బాని నేను ఎంతసేపూ నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉందని కాదు, ఖాళీ అయ్యాక ఎలా ఉందని చూస్తాను. అది లడఖ్‌లో అలవాటైంది.

నేను మొదటిసారి శ్రీనగర్ నుంచి లేహ్ కాన్వాయ్‌లో వెళ్ళింది 1994లో. చలికాలమంతా జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయేది, నవంబరు నుంచి ఏప్రిల్, మే దాకా. ఈమధ్య రోడ్డు వాళ్ళు అద్భుతాలు చేస్తున్నారు, 2023లో 68 రోజులకే మార్చి 16న తెరిచేశారు. మా రోజుల్లో మాత్రం కనుమ తెరుచుకున్న ఆ కొద్ది నెలల్లోనే ఏడాదికి సరిపడా మోసెయ్యాలి. దాన్ని వింటర్ స్టాకింగ్ అంటారు. రేషను, నూనె, బట్టలు, మందులు, తూటాలు, గుడారాలు. నవంబరులో ఒక వస్తువు మర్చిపోతే అది మళ్ళీ మే నెలకే. లేదంటే విమానంలో తేవాలి, దాని ఖర్చు అడక్కండి.

తెల్లవారుజామున మూడింటికి సోనామార్గ్‌లో ఇంజన్లు స్టార్ట్ చేసేవాళ్ళం. జోజిలా ఎత్తు 3,500 మీటర్ల పైచిలుకు, అప్పట్లో రోడ్డు ఒక బండి పట్టేంతే, అందుకని ఒక పూట ఎక్కే బళ్ళు, ఒక పూట దిగే బళ్ళు. గుమ్రి, ద్రాస్, కార్గిల్ దాటి, నమికా లా (లా అంటే కనుమ) ఎక్కి, 4,100 మీటర్ల ఫోటు లా దిగి, సింధు నది పక్కనుంచి లేహ్. నా శక్తిమాన్ బండి వెనక కిరసనాయిలు. పైనున్న జవానుకి కిరసనాయిలంటే దీపం కాదు. అదే వెచ్చదనం, అదే వంట, అదే నీళ్ళు కూడా. మంచు కరిగిస్తేనే కదా తాగడానికి నీళ్ళు.

లేహ్ నుంచి ఖార్దుంగ్ లా మీదుగా నుబ్రా లోయకి, అక్కడి నుంచి సియాచిన్ బేస్ క్యాంపుకి. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ని పట్టుకోవడానికి మన ఫౌజు ఆపరేషన్ మేఘదూత్ మొదలుపెట్టినప్పటి నుంచి ఆ దారి ఆగలేదు. బేస్ క్యాంపు దాటాక మా బళ్ళ పని అయిపోతుంది. ఆపైన ఖచ్చర్లు (కంచర గాడిదలు), కూలీలు, స్లెడ్జిలు, చీతా హెలికాప్టర్లు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడి హెలికాప్టర్ మోయగల బరువు తగ్గిపోతుంది. అన్నిటికన్నా పైనున్న పోస్టులకి ఒకటో రెండో జరికేన్లు వేసుకుని ఎగిరేది. మన చేలో నేను ఒక చేత్తో పట్టుకుని గట్టు దాటే బరువు, అక్కడ ఒక హెలికాప్టర్‌కి సరిపోయే బరువు. బేస్ క్యాంపులో ఎవరో ఈ మాట చెప్పిన రోజు, నేను దింపిన డబ్బాల వరసని మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.

మా ఉస్తాద్ గఢ్వాలీ హవల్దారు. సరుకు దింపేటప్పుడు ఆయన పెద్దగా పట్టించుకునేవాడు కాదు. తిరుగు ప్రయాణానికి బళ్ళు కట్టేటప్పుడు మాత్రం లిస్టు పట్టుకుని నిలబడేవాడు. "భరా హువా తో సబ్ సంభాల్తే హై, ఖాలీ కౌన్ సంభాలేగా?" నిండుదాన్ని అందరూ జాగ్రత్తగానే చూస్తారు, ఖాళీదాన్ని ఎవడు చూస్తాడు అని. ఖాళీ జరికేన్లు లెక్కపెట్టి, మూత లేనివి ఒక పక్క, చిల్లువి ఒక పక్క, మంచివి ఒక పక్క పెట్టించేవాడు. ఒకసారి ఆరు డబ్బాలు తక్కువొస్తే కాన్వాయ్‌లో మా బండిని ఆఖరుకి జరిపి వెతికించాడు. ఒక ట్రాన్సిట్ క్యాంపు లంగరు వెనక దొరికాయి, రెండింట్లో నీళ్ళు పట్టుకుని వాడేస్తున్నారు. ఆ పూట టీ తాగిన వాళ్ళందరికీ కిరసనాయిలు తేన్పులు. జర్మన్లు అందుకే నీళ్ళ డబ్బా మీద తెల్ల శిలువ గుర్తు వేసేవాళ్ళు. నేను కూడా మా ఇంట్లో అలాగే చేశాను. మర మూత డబ్బాకి చుట్టూ తెల్లరంగు పట్టీ వేసి ఇప్పుడు మందు కొట్టేటప్పుడు నీళ్ళకి వాడుతున్నాను. ఎలాగూ పూత లేదు కాబట్టి తాగడానికి పనికిరాదు.

ఉస్తాద్ చాదస్తం అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత 1944 సంగతి చదివాక చాదస్తం కాదని తెలిసింది. నార్మండీలో దిగిన అమెరికన్ సైన్యం ఫ్రాన్స్‌లో అనుకున్నదానికంటే వేగంగా ముందుకు పోయింది. రైలు పట్టాలు బాంబులకి పోయాయి, రేవులేమో వెనక ఉన్నాయి. ఆగస్టు 25న రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అని లారీల వరస మొదలుపెట్టారు. ఒక రోడ్డు పోవడానికే, ఇంకో రోడ్డు రావడానికే. రాత్రీ పగలూ తోలారు. ఒక దశలో దాదాపు 6,000 లారీలు, డ్రైవర్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు. నవంబరు 16 దాకా నడిచింది. డ్రైవర్‌గా చెబుతున్నాను, ఆ నిద్రలేమి ఏమిటో నాకు కొంచెం తెలుసు. అంత చేసినా ఆగస్టు ఆఖరుకి జనరల్ ప్యాటన్ ట్యాంకులు పెట్రోలు లేక ఆగిపోయాయి. పెట్రోలు రేవుల దగ్గర ఉంది. నింపి పంపడానికి డబ్బాల్లేవు! ముందుకెళ్ళే సైనికులు ట్యాంకులో పోసుకుని ఖాళీ డబ్బాని రోడ్డు పక్కన విసిరేసి పోయారు. అప్పటికి ఫ్రాన్స్‌కి తెచ్చిన డబ్బాల్లో సగందాకా అలా మాయమయ్యాయి. చివరికి ఫ్రెంచి పిల్లలకి బహుమతులిస్తామని చెప్పి పొలాల్లో, కాలవల్లో డబ్బాలు ఏరించారు. ఈ డబ్బాలు లేకుంటే తమ సైన్యాలు ఫ్రాన్స్‌లో అంత వేగంగా పోగలిగేవి కావని ఆ నవంబరులోనే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాంగ్రెస్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటుకి, రాశాడు. పారేసిన డబ్బాల సంగతి ఆయన రాశాడో లేదో గానీ, మా ఉస్తాద్ అయితే అదే ముందు రాసేవాడు.

అందుకే ఆ నాలుగు ఖాళీల పిడికిలి గురించి గుర్తుంచుకోమన్నాను. ఆ డబ్బా గీసినవాడు తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించాడు. ప్లాస్టిక్ క్యాను గురించి ఎవరూ ఆలోచించరు, వాగులో తేలిపోయినా వదిలేస్తాం.

కొనేవాళ్ళకి కొన్ని మాటలు. డీజిలు పోయించుకునేటప్పుడు డబ్బాని ట్రాలీలోంచి దింపి నేల మీద పెట్టండి. బండిలో పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి పోయిస్తే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ ప్రమాదం ఉంటుంది, పెట్రోలైతే మరీ. మూతి దాకా నింపకండి, ఆ గాలి జాగా ఊరికే లేదు. లోపల పూత టార్చి వేసి చూడండి. ఒకసారి కొద్దిగా డీజిలు పోసి, మూత వేసి, రాత్రంతా పాత గోనె మీద తలకిందులుగా పెట్టండి. పొద్దున్నే గోనె పొడిగా ఉంటేనే డబ్బా మీది. చలి ప్రాంతాల వాళ్ళకి డబ్బా ఒక్కటే సరిపోదు, లోపలి డీజిలు మంచిదై ఉండాలి. మా రోజుల్లో లడఖ్ చలికి మామూలు డీజిలు మైనంలా గడ్డకట్టేది, కిరసనాయిలు కలుపుకుని, ట్యాంకు కింద సెగ పెట్టుకుని తిప్పలు పడేవాళ్ళం. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిలు ఇండియన్ ఆయిల్ వాళ్ళు లడఖ్‌కి తెచ్చింది 2019 నవంబరులో. అప్పటికి నేను ఇంటికొచ్చి ఆరేళ్ళు.

రూ. 2,650 ఎక్కువా అంటే, ప్లాస్టిక్ క్యాన్లు నాకు ఏడాదికి రెండు పోయేవి, కందుల బస్తాలు అదనం. లివర్ డబ్బాకి ఐదుకి నాలుగు. పోయిన ఒకటి రబ్బరుకీ ఇరుకు పిడికీ కలిపి. మర మూత డబ్బాకి ఒకటిన్నర, అదీ తెల్లపట్టీ నేనే వేశాను కాబట్టి.

ఇప్పుడు లివర్ డబ్బా నా దగ్గర లేదు. పోయిన నెల మా బావమరిది కోతమిషను నంద్యాల దారిలో డీజిలు అయిపోయి ఆగిందంటే, నిండుగా పోసి బండి మీద నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఖాళీ డబ్బా రేపు బస్సులో వేసి పంపిస్తానన్నాడు. ఇరవై మూడు రోజులైంది. నిన్న మళ్ళీ ఫోన్ చేశాను.

"డబ్బా భలే ఉంది బావా, ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

లింకు పంపాను.